దృప్తుడా, తృప్తుడా? "తెలివి యొకింత లేనియెడ" పద్యం మీద చర్చ

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఏనుగు లక్ష్మణకవి పద్యం ఒకటి పెడుతున్నాను. ఒకప్పుడు అన్నీ తెలుసని ఏనుగులా గర్వంగా తిరిగాను, పండితుల దగ్గర కాస్త తెలిశాక ఆ గర్వం పోయింది అని దీని భావం. దీని మీద నాకు మూడు సందేహాలు.

తెలివి యొకింత లేనియెడ దృప్తుఁడనై కరిభంగి సర్వమున్
దెలిసితి నంచు గర్వితమతిన్ విహరించితిఁ దొల్లి, యిప్పు డు
జ్జ్వలమతులైన పండితుల సన్నిధి నించుక బోధశాలినై
తెలియనివాఁడనై మెలఁగితిన్ గతమయ్యె నితాంతగర్వమున్.

మా ఊళ్ళో నెలకోసారి కొంతమందిమి కూర్చుని ఏదో ఒక కథ గురించి మాట్లాడుకుంటాం. అందులో తెలుగు ఎమ్మే చదవనిది నేనొక్కదాన్నే, బ్యాంకులో పని. కథ నచ్చితే నచ్చిందంటాను. అక్కడ ఆ మాట చెల్లదు. ఒకరు "ధ్వని లేదండీ, అంతా వాచ్యమే" అంటారు, అంటే లోపల స్ఫురించేదేమీ లేదు, అంతా పైకే చెప్పేశారని. ఇంకొకరు కథ చెప్పేవాణ్ణి నమ్మడానికి లేదంటారు. మరొకరు ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ ఏమన్నాడో చెబుతారు. గొప్ప కోసం అంటున్నారని కాదు, నిజంగా చదివినవాళ్ళే. కానీ నా వంతు వచ్చేసరికి నోరెండిపోతుంది. బ్యాంకులో ఆడిట్ జరిగేటప్పుడు కూడా నాకంత టెన్షన్ ఉండదు.

మొన్న ధైర్యం చేసి ఒక మాటన్నాను. ఆ కథలో కొడుకు ఇల్లొదిలి వెళ్ళిపోయాడు. వాడి పేరెత్తితే తల్లి మండిపడుతుంది, వాడు లేడనుకున్నానంటుంది. రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు మాత్రం ఒకరికి సరిపడా అన్నం మూతపెట్టి పక్కన ఉంచుతుంది. రచయిత దాని గురించి మళ్ళీ ఒక్క ముక్క రాయడు. "ఆ గిన్నె దగ్గరే నాకు కథ అర్థమైంది" అన్నాను. "అది మీ ఇంప్రెషన్ అండీ, విమర్శ కాదు" అన్నారొకరు. ఇంకొకాయన నవ్వుతూ ఈ పద్యం ఎత్తుకున్నారు. అది నాకే అని అందరికీ తెలుసు. ఆయన "తృప్తుడనై" అని చదివితే పక్కాయన "కాదు, దృప్తుడు" అన్నారు. ఇంక అక్కణ్ణుంచి వాళ్ళిద్దరి వాదనే. నేను టీ తాగుతూ కూర్చున్నాను.

ఇవీ సందేహాలు: అది దృప్తుడా (గర్వించినవాడు), తృప్తుడా (తృప్తి పడ్డవాడు)? "ఒకింత లేనియెడ" అంటే అసలే లేనప్పుడనా, కాస్త తక్కువైనప్పుడనా? ఎదుటివాళ్ళని ఎత్తిపొడవడానికి ఈ పద్యం పనికొస్తుందా?

రిటైర్డ్ తెలుగు లెక్చరర్

అమ్మా, మొదటిది చూద్దాం. "లేనియెడన్" అని ద్రుతం, అంటే చివర నకారం ఉందనుకోండి. దాని తర్వాత తృప్తుఁడు వస్తే తకారం దకారమైపోతుంది. అంటే తృప్తుఁడైనా దృప్తుఁడైనా పద్యంలో వినిపించేది "దృ" ఒక్కటే. సంధి జరిగాక తకారం మిగలదు కాబట్టి "తృప్తుడనై" అని పైకి చదవడం మాత్రం ఏ లెక్కన చూసినా కుదరదు.

కంటికి మాత్రం తేడా తెలుస్తుంది. తకారం దకారంగా మారిన చోట దాని ముందున్న ద్రుతం అరసున్న కావచ్చు. మొదటినుంచీ దకారమే ఉన్న మాట అయితే ద్రుతం లోపిస్తుంది, లేదా పొల్లుగా నిలుస్తుంది, అరసున్న రాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదంలో వరసగా చెప్పిన సూత్రాలే ఇవి. కాబట్టి "యెడఁ దృప్తుఁడనై" అని అరసున్న వేస్తే లోపల ఉన్నది తృప్తుఁడు. అరసున్న లేకపోతే దృప్తుఁడు. మీరు వేయలేదు. తెలిసి వేయలేదో, టైపు చెయ్యడం కష్టమై వదిలేశారో నాకు తెలీదు.

యతి ఏమైనా తేలుస్తుందేమోనని చూశాను. చంపకమాలలో పదకొండో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు. సరిగ్గా అక్కడే ఈ "దృ" పడింది. పాదం మొదట "తె" ఉంది. తకీ దకీ యతి చెల్లుతుంది, ఛందస్సు కూడా చేతులెత్తేసింది. ఇక మిగిలింది ఈ పద్యానికి మూలమైన భర్తృహరి శ్లోకమే:

యదా కించిజ్జ్ఞోఽహం ద్విప ఇవ మదాంధః సమభవం
తదా సర్వజ్ఞోఽస్మీత్యభవదవలిప్తం మమ మనః
యదా కించిత్కించిద్బుధజనసకాశాదవగతం
తదా మూర్ఖోఽస్మీతి జ్వర ఇవ మదో మే వ్యపగతః

"మదాంధః", మదంతో కళ్ళు మూసుకుపోయినవాడు అని మూలంలోనే ఉంది. దర్పం, దృప్తం ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఏనుగుకు మదం చెబుతారు గాని తృప్తి చెప్పినవాళ్ళని నేను చూడలేదు. దృప్తుఁడే.

ఒక సభ్యుడు (డాలస్)

మాస్టారూ, నా ఫోన్లో సేవ్ చేసుకున్న కాపీలో అరసున్న ఉంది. మరి అది తృప్తుఁడి పక్షమా?

లెక్చరర్

అచ్చు దిద్దేవాళ్ళ చేతుల్లో అరసున్నలు వస్తూ పోతూ ఉంటాయి బాబూ. దిద్దినాయన "యెడ" తర్వాత ద్రుతం ఉందని అలవాటుగా వేసేసి ఉంటాడు. అరసున్నని సాక్ష్యం కింద తీసుకోవాలంటే ఆ ప్రతి మిగతా చోట్ల ఎంత జాగ్రత్తగా ఉందో చూడాలి.

సంస్కృతం చదువుకుంటున్న సభ్యురాలు

రెండో సందేహం దగ్గర నేను మాట్లాడతాను, నాకు ఇదే అసలు విషయం అనిపిస్తోంది.

మూలంలో "కించిత్" మూడుసార్లు వస్తుంది. మొదటి పాదంలో కించిజ్జ్ఞుడు, అంటే కాస్త తెలిసినవాడు. మూడో పాదంలో కించిత్ కించిత్, కొంచెం కొంచెంగా తెలిసింది. అప్పుడూ కొంచెమే, ఇప్పుడూ కొంచెమే. మొదటి కొంచెం మదం ఎక్కించింది, రెండోది దించింది. మారింది జ్ఞానం పరిమాణం కాదు, అది వచ్చిన దారి. రెండోది "బుధజనసకాశాత్", తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. మొదటిది ఎక్కణ్ణుంచి వచ్చిందో కవి చెప్పనే లేదు.

తెలుగులో "ఒకింత", "ఇంచుక" అని రెండు మాటలు సరిగ్గా అదే చోట్లలో ఉన్నాయి. లక్ష్మణకవి ఆ జంటని చూశాడనే నా నమ్మకం. కానీ "లేనియెడ" అనేసరికి కాస్త తెలిసినవాడు కాస్తా ఏమీ తెలియనివాడైపోయాడు. ఏమీ తెలియనివాడికి అంత పొగరుండదు కదా! "తెలివి ఒకింత లేనప్పుడు" అంటే "తెలివి కాస్త కొరవడినప్పుడు" అని చదివితే మూలానికి దగ్గరగా ఉంటుంది. "ఒకింతయు" (కొంచెం కూడా) అని లేదు, గమనించండి.

లెక్చరర్

ఊహ బాగుంది గాని బలవంతంగా ఉంది తల్లీ. తాత్పర్యాలు రాసినవాళ్ళు "కొంచెమైనా లేనప్పుడు" అనే రాస్తారు. "యు" పెట్టడానికి ఆ పాదంలో ఖాళీ లేదు, ఇరవయ్యొక్క అక్షరాలూ నిండిపోయాయి. పద్యాల్లో ఆ "యు"ని మనమే తెచ్చుకుని చదువుకోవడం కొత్తేమీ కాదు.

ఇంకో సంగతి. కాస్త తెలిసినవాడి గురించి ఇదే కవి ఇదే పద్ధతిలో వేరే పద్యం చెప్పాడు: "తెలియని మనుజుని సుఖముగఁ దెలుపం దగు, సుఖతరముగఁ దెలుపఁగ వచ్చున్ దెలిసినవానిం, దెలిసియుఁ దెలియని నరుఁ దెల్ప బ్రహ్మదేవుని వశమే". "తెలిసియుఁ దెలియని" అని అంత చక్కటి మాట చేతిలో ఉన్నవాడు, కించిజ్జ్ఞుణ్ణి చెప్పాలనుకుంటే ఇక్కడా చెప్పగలడు.

సంస్కృతం చదువుకుంటున్న సభ్యురాలు

ఒకసారి వాడేశాడు కాబట్టే రెండోసారి వాడలేదేమో మాస్టారూ. మీతో ఒప్పుకోను, క్షమించాలి.

డాలస్ సభ్యుడు

మూలంలోని జ్వరం పోలిక తెలుగులో పోయిందని నాకు బాధగా ఉంది. "జ్వర ఇవ మదో మే వ్యపగతః", జ్వరంలా నా మదం దిగిపోయింది అనడం ఎంత బాగుంది! జ్వరం దిగినవాడు నీరసంగా ఉంటాడు, అదే సమయానికి ప్రాణం తేలికపడుతుంది. తెలివైనవాళ్ళ ముందు కూర్చుని లేచొచ్చాక నాకు అచ్చం అలాగే ఉంటుంది. తెలుగులో వట్టి "గతమయ్యె" అనేశాడు. ఏనుగుని ఉంచి జ్వరాన్ని వదిలేశాడు.

సంస్కృతం చదువుకుంటున్న సభ్యురాలు

జ్వరం పోయిన చోట ఇంకొకటి వచ్చింది చూడండి. మూలంలో "మూర్ఖోఽస్మి". నేను మూర్ఖుణ్ణి అని తనకు తనే తీర్పు చెప్పుకున్నాడు. తెలుగులో ఆ తిట్టు లేదు. "తెలియనివాఁడనై మెలఁగితిన్". మెలగడమంటే నలుగురిలో నడుచుకోవడం. అంటే ఆ నలుగురిలోనే ఉన్నాడు, తెలియనివాడిగా ఉన్నాడు. లేచి వెళ్ళిపోలేదు. ప్రశ్న అడిగిన అక్కా, నాకు ఈ ఒక్క క్రియ కోసం తెలుగు పద్యమే ఎక్కువ ఇష్టం.

మరో సభ్యుడు

ఇంతమంది ఇంత రాశారు గాని ఈ శ్లోకానికి ముందున్నది ఎవరూ ఎత్తలేదు. తెలుగువాళ్ళు చదివే భర్తృహరి నీతిశతకం వరసలో, మూర్ఖుల గురించిన మూర్ఖపద్ధతి అనే భాగంలో దీనికి ముందు "స్వాయత్తమేకాంతగుణం" ఉంటుంది. అజ్ఞానానికి బ్రహ్మ తయారుచేసిన మూత మౌనం, అన్నీ తెలిసినవాళ్ళ సభలో అయితే పండితులు కానివాళ్ళకి అదే అలంకారం అని దాని సారం. సూటిగా అంటున్నానని అనుకోవద్దు, మేడమ్ టీ తాగుతూ కూర్చోవడమే భర్తృహరి చెప్పిన దారి.

సంస్కృతం చదువుకుంటున్న సభ్యురాలు

మూత అన్నాడు, మందు అనలేదు. మూత పెట్టుకుని కూర్చుంటే తర్వాతి శ్లోకంలోని కించిత్ కించిత్ ఎలా వస్తుంది?

లెక్చరర్

ఆ మాట బాగుంది. మూడో సందేహానికి జవాబూ అక్కడే ఉంది. మూర్ఖపద్ధతిలో మిగతా శ్లోకాలు ఎక్కువగా ఎవరో మూర్ఖుడి గురించి. ఇసుకలోంచి నూనె తీయవచ్చు గాని వాడి మనసు రంజింపజేయలేం, మొసలి నోట్లోంచి మణి పెరుక్కోవచ్చు గాని వాణ్ణి ఒప్పించలేం, ఇలా సాగుతాయి. ఇది మాత్రం మొదటి పాదంలోనే "అహం" (నేను) అంటుంది. తెలుగులో విహరించితి, మెలఁగితిన్, అన్నీ ఉత్తమ పురుష. నాకు ఇలా జరిగిందని ఒకడు తన సంగతి చెప్పుకుంటున్నాడు. దీన్ని తీసుకెళ్ళి ఎదుటి మనిషి మీద విసిరితే విసిరినవాడు మొదటి రెండు పాదాల్లోనే ఆగిపోయాడన్నమాట. మీ సభలో పద్యం చదివినాయన ఎవరో నాకు తెలీదు, తెలుసుకోను కూడా. ఎత్తిపొడవాలంటే పక్కనే "తివిరి యిసుమున" ఉంది కదా, అది బాగా పేలేది.

ఇప్పుడు మీ గిన్నె సంగతి. దాన్ని ఇంప్రెషన్ అన్నారని చదివి నేను కాసేపు పుస్తకాలు తిరగేశాను. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ధ్వని అంటే ఏమిటో చెప్పడానికి మొట్టమొదట తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి హాలుడి గాథాసప్తశతిలో ఉంది. ఒక స్త్రీ ఒక ధార్మికుడితో అంటుంది: "స్వామీ, నిశ్చింతగా తిరగండి, మిమ్మల్ని బెదిరించే ఆ కుక్కని ఈ వేళ గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం చంపేసింది". పైకి వినపడేది "తిరగండి". కుక్కకే భయపడేవాడు సింహం ఉన్న చోటికి వస్తాడా? ఆ పొదలు ఆవిడ తన ప్రియుణ్ణి కలుసుకునే చోటు. లోపలి అర్థం "ఇటు రావద్దు". వాచ్యం (పైకి చెప్పింది) విధి, అంటే చెయ్యమనడం; వ్యంగ్యం (లోపల స్ఫురించేది) నిషేధం, అంటే వద్దనడం. వస్తుధ్వని అంటారు దీన్ని.

మీ కథలో తల్లి నోటితో అన్నది "వాడు లేడు". చేత్తో చేసింది వాడికి అన్నం ఉంచడం. రచయిత నోరు మూసుకున్నాడు. ఇక్కడ వాచ్యం నిషేధం, వ్యంగ్యం విధి, అంటే గోదావరి ఒడ్డు గాథకి తలకిందులు. అలాంటి గాథలూ ఆయన పక్కనే ఇచ్చాడు. అదే కథ గురించేనా మీ వాళ్ళు "ధ్వని లేదు" అన్నది? అయితే ధ్వని అనే మాట వాళ్ళ దగ్గరుంది, ధ్వని మీ దగ్గరుంది.

డాలస్ సభ్యుడు

మాస్టారూ, మరి ఆ మాట కూడా తెలిసి ఉంటే మేడమ్‌కి ఆ రోజు ఉపయోగపడేది కదా? పారిభాషిక పదాలు అక్కర్లేదంటే నేనొప్పుకోను. నేను రాసే కోడ్‌లో ప్రతిదానికీ ఒక పేరుంటుంది, పేరు లేకపోతే ఇద్దరం కూర్చుని మాట్లాడుకోలేం.

లెక్చరర్

అక్కర్లేదని నేనెక్కడన్నాను? నలభై మంది పిల్లలకి అవే నూరిపోసి పెన్షన్ తీసుకుంటున్నవాణ్ణి. కానీ వరస ఉంది. అభినవగుప్తుడు ధ్వన్యాలోకానికి రాసిన వ్యాఖ్య లోచనంలో సహృదయుణ్ణి నిర్వచిస్తూ, కావ్యాలు పదే పదే చదివిన అలవాటుతో మనసనే అద్దం తేటపడినవాడు అంటాడు, వర్ణించిన దాంట్లో లీనం కాగలవాడు అంటాడు. కావ్యానుశీలనం అన్నాడు గాని శాస్త్రానుశీలనం అనలేదు. ముందు గిన్నె కనపడాలి. పేరు తర్వాత ఎవరైనా చెబుతారు, ఇప్పుడు నేను చెప్పినట్టు.

మరో సభ్యుడు

నేనన్నది వెనక్కి తీసుకోవడం లేదు. అందరికీ గిన్నె కనపడదు, కనపడనివాళ్ళు కూడా గంటలు గంటలు మాట్లాడతారు. భర్తృహరి మౌనం వాళ్ళకోసమే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అరసున్న నేను తెలిసి వదిలింది కాదు మాస్టారూ, నా ఫోన్లో దాన్ని ఎక్కడ వెతకాలో తెలిసీ తెలియక కొన్నిచోట్ల పెట్టాను, అదృష్టం కొద్దీ అక్కడ పెట్టలేదు. గాథాసప్తశతి తెలుగు అర్థంతో దొరుకుతుందేమో మా లైబ్రరీలో అడుగుతాను.

ఇంకొక్క సందేహం. ఆఖరి పాదంలో "గతమయ్యె నితాంతగర్వమున్" అని ఉంది కదా. పోయింది గర్వం, అంటే అది కర్త. కర్తకి చివర "న్" ఎందుకొచ్చింది? మొదటి పాదంలో "సర్వమున్ దెలిసితి" అంటే సర్వాన్నీ అని అర్థమవుతోంది. ఇక్కడ అలా కుదరడం లేదు. "గర్వము కూడా పోయింది" అని చెప్పుకోవాలా? అలాగైతే గర్వం కాక ఇంకేం పోయాయి?

లెక్చరర్

సముచ్చయం, అంటే "కూడా" అనే అర్థమిచ్చే "ఉన్" అనుకోవాలి, మీరన్నట్టు "గర్వమును" అని. ఇంకేం పోయిందో పద్యంలో లేదు. పాదం చివర గురువు కావాలి కాబట్టి పెట్టాడని నా అభిప్రాయం. డెబ్భై ఏళ్ళొచ్చాయి, ఈ పద్యం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, ఈ ప్రశ్న ఏ విద్యార్థీ అడగలేదు. సంస్కృతం అమ్మాయి ఒప్పుకోదని తెలుసు, రాయమనండి.