చర్చ: విజయవాడ డీటీపీ ఇంకా అను ఫాంట్లలోనే ఉండాలా, యూనికోడ్‌కి మారాలా?

ఏలూరురోడ్డు:

పుస్తక మహోత్సవం దగ్గరపడే కొద్దీ ప్రచురణకర్తకీ, కంప్యూటర్లో పుస్తకం పేజీలు కట్టే డీటీపీ సెంటర్‌కీ మధ్య వచ్చే పాత తగువే ఇది. రచయిత యూనికోడ్‌లో టైపు చేసి పంపిస్తాడు. సెంటర్‌లో దాన్ని అను ఫాంటులోకి మార్చి పేజీలు కడతారు. ప్రూఫులన్నీ ఆ ఫైల్లోనే దిద్దుతారు. అచ్చయ్యాక ఈబుక్ చేయాలన్నా, ఒక్క అధ్యాయం పత్రికకి పంపాలన్నా మళ్ళీ అను నుంచి యూనికోడ్‌కి మార్చుకోవాలి. మూడు ప్రూఫులు దిద్దిన కాపీ సెంటర్‌లోనే చిక్కుకుపోతుంది, రచయిత చేతిలో మిగిలేది దిద్దని కాపీ.

చిక్కు ఎక్కడుందో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. పాత అను ఫాంటు 8 బిట్ల ఫాంటు. మొత్తం గదులు 256, వాడుకోవడానికి వీలయ్యేవి 220 దాకా. తెలుగు గుణింతాలూ వత్తులూ అన్నీ పూర్తి రూపాల్లో అందులో పట్టవు. అందుకని తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, వత్తు అంటూ ముక్కలు చేసి ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెట్టారు. ఆ ముక్కల్ని పక్కపక్కన పేరిస్తే కంటికి అక్షరంలా కనబడుతుంది. ఫాంటు తీసేస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు మిగులుతాయి. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ సొంతంగా 128 గదులున్నాయి. పలికే వరుసలోనే అక్షరాలు ఫైల్లో ఉంటాయి. వెతకొచ్చు, అకారాదిగా పేర్చొచ్చు, ఫాంటు మార్చినా మాట మారదు.

కొత్తగా మొదలుపెట్టే ప్రతి పుస్తకమూ మొదటి ప్రూఫు నుంచి ప్రెస్సుకి వెళ్ళే పీడీఎఫ్ దాకా యూనికోడ్‌లోనే ఉండాలని నా వాదన. పాత వెర్షన్ల గొడవ వల్ల కుదరదనే రోజులు పోయాయి. ఇన్‌డిజైన్ సీఎస్6 (పేజీలు కట్టే అడోబీ సాఫ్ట్‌వేర్) వచ్చింది 2012లో, అప్పటి నుంచీ అందులో తెలుగు సరిగ్గా కూర్చుకుంటోంది.

ఫారంలెక్క:

పేజీలు కట్టేవాడి వైపు నుంచి కూడా చూడండి. డెమ్మీ 1/8 సైజులో 192 పేజీల నవల ఉందనుకోండి. 16 పేజీల ఫారాలు (మడిచి కట్టే అచ్చు కాగితాలు) సరిగ్గా 12. దాన్నే యూనికోడ్ ఫాంటులో కడితే ఎక్కువసార్లు పేజీలు పెరుగుతాయి, ఎందుకంటే ఆ ఫాంట్లలో కింది వత్తులకీ పై గుడికీ ఎక్కువ జాగా వదిలారు. పుస్తకం 198 పేజీలకి వచ్చిందంటే ఆరు పేజీల కోసం అర ఫారం అదనం. ప్లేటు, కాగితం, మడత, అన్నీ పెరుగుతాయి. లీడింగ్ (వరుసల మధ్య దూరం) తగ్గించి ఇరికిస్తే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని తాకుతుంది.

రెండోది ఫాంట్ల కరువు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ఎన్టీఆర్, రామభద్ర, మల్లన్న, సూరన్న, గిడుగు, పెద్దన ఉచితంగానే దొరుకుతాయి, చూడ్డానికి బాగుంటాయి. కానీ ఒక్కోటీ ఒక్క బరువే (గీత మందం), బోల్డ్ లేదు. ఉపశీర్షికకి బోల్డ్ కావాలంటే ఆపరేటర్ అక్షరం చుట్టూ పావు పాయింటు స్ట్రోక్ గీత వేస్తాడు. తెరమీద బాగానే ఉంటుంది, ప్లేటు మీదకి వచ్చేసరికి 10 పాయింట్ల అక్షరంలో వత్తుల కన్నాలు పూడిపోతాయి.

మూడోది చేతివాటం. ఇరవై ఏళ్ళుగా అను ఫాంట్లకి వాడే యాపిల్ అనే మీటల అమరిక మీద కొట్టే ఆపరేటర్‌ని ఇన్‌స్క్రిప్ట్‌కి (యూనికోడ్‌లో తెలుగు కొట్టే అమరికకి) మారమంటే కొన్ని నెలలపాటు వేగం సగానికి పడిపోతుంది. ఆ నెలల జీతం ఎవరు భరిస్తారు?

పుటకూర్పు:

ఫారంలెక్క గారూ, మొదటి రెండింటికీ మందు ఉంది. మూడోదానికి సగం ఉంది.

ముందు అమరిక. "యూనికోడ్ వేస్తే వత్తులు విడిపోతున్నాయి, క్క అని కొడితే క్ పక్కన క వస్తోంది" అని చాలామంది ఫాంటుని తిడతారు. తప్పు వరుసల్లో అక్షరాల్ని అమర్చే కంపోజర్‌ది. ఇన్‌డిజైన్ మామూలుగా ఇంగ్లీషు కంపోజర్‌తో తెరుచుకుంటుంది. పేరాగ్రాఫ్ స్టైల్ ఆప్షన్లలో జస్టిఫికేషన్ విభాగంలోకి వెళ్ళి, కంపోజర్ దగ్గర అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. ఏ డాక్యుమెంటూ తెరవకుండా బేసిక్ పేరాగ్రాఫ్ స్టైల్లో ఈ మార్పు చేస్తే, తర్వాత తెరిచే ప్రతి కొత్త ఫైల్‌కీ అదే వస్తుంది. సీఎస్6లో ఇంకో దగ్గరదారి ఉంది: విండో మెనూలో యుటిలిటీస్, స్క్రిప్ట్స్, అందులో అప్లికేషన్ ఫోల్డర్‌లో ఇండిక్ ప్రిఫరెన్సెస్ అనే స్క్రిప్టు మీద రెండు క్లిక్కులు. క్యారెక్టర్ ప్యానెల్‌లో భాష తెలుగు అని పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే వరుస చివర మాట విరగదు. తెలుగు మాటలు పొడవు కాబట్టి మాట విరగని పేజీలో మాటల మధ్య తెల్లటి కాలవలు పారతాయి.

జస్టిఫికేషన్‌లో మాటల మధ్య జాగా కనిష్ఠం 80, మామూలు 100, గరిష్ఠం 150 శాతం ఇవ్వండి. అక్షరాల మధ్య మాత్రం సున్నాయే ఉంచండి. ఇంగ్లీషులో లాగా దాన్ని సాగదీస్తే తెలుగు వరుస పళ్ళు ఊడినట్టు కనబడుతుంది. హైఫనేషన్‌లో బిఫోర్ లాస్ట్ అంకె కొంచెం పెంచితే చివరి అక్షరం ఒంటరిగా కింది వరుసకి పడదు.

లీడింగ్ ఆటోలో వదలకూడదు. ఆటో అంటే 120 శాతం, 12 పాయింట్లకి 14.4. తెలుగుకి అది చాలదు. అసలు "12 పాయింట్లు" అనే అంకెని పట్టుకోవడమే పొరపాటు. ఒక ఫాంటులో 12 ఇంకో ఫాంటులో 10.5తో సమానం కావచ్చు. పాత పుస్తకంలో "క" ఎత్తు స్కేలుతో కొలిచి, కొత్త ఫాంటులో అదే ఎత్తు వచ్చే సైజు పట్టుకుని, ఆ తర్వాత లీడింగ్ చూడాలి. 192 పేజీలు 198 అయ్యే లెక్కలో చాలాభాగం ఈ ఒక్క అడుగు తప్పిపోవడం వల్ల వచ్చేదే.

బోల్డ్ కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు తీసుకోండి, అందులో తొమ్మిది బరువులున్నాయి. శీర్షికలకి హింద్ గుంటూరు ఉంది, లైట్ నుంచి బోల్డ్ దాకా ఐదు. మన పక్క ఊరి పేరు పెట్టుకున్న ఫాంటు మన ప్రెస్సుల్లో కనబడకపోవడం నాకు నిజంగానే బాధ. అనెక్ తెలుగులో బరువుతోపాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు, ఇరుకు శీర్షికలకి పనికొస్తుంది.

కీబోర్డు సంగతి: యాపిల్ అమరికనే యూనికోడ్‌కి తయారుచేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్‌తో ఒక మీటకి పొల్లు, హల్లు రెండూ కలిపి ఇవ్వొచ్చు కాబట్టి వత్తులు వస్తాయి. కానీ ముందు కొట్టిన గుర్తుని వెనక్కి జరపడం దానికి చేతకాదు. వరుస మార్చాల్సిన చోట కీమ్యాన్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి, అది ఉచితం. వేళ్ళ అలవాటు చాలావరకు నిలుస్తుంది. పూర్తిగా నిలుస్తుందని మాత్రం అనను.

ప్రూఫ్‌చూపు:

అందరూ కూర్పు గురించే మాట్లాడుతున్నారు. డబ్బు పోయేది మార్పిడి దగ్గర. ఉచిత కన్వర్టర్‌లో అతికించి, వచ్చినదాన్ని నేరుగా పేజీల్లోకి పోసే పద్ధతి వెంటనే ఆపాలి. ఎక్కడెక్కడ పాడవుతుందో చెప్తాను.

ర వత్తు. పాత ఫాంట్లలో క్రారవడిని హల్లుకి ఎడమవైపు ముందే పెట్టే రూపం ఉంది. కంటికి కనబడే వరుస ర, క. పలికే వరుస క, ర. కన్వర్టర్ తిప్పడం మరిస్తే వత్తు ముందు అక్షరానికి అతుక్కుంటుంది. "చక్రం" లాంటి మాటలు ముందుగా చూడండి.

పొల్లు. "సాఫ్ట్‌వేర్", "ఆఫ్‌సెట్" లాంటి మాటల్లో పొల్లుకీ తర్వాతి హల్లుకీ మధ్య కంటికి కనబడని నాన్-జాయినర్ ఉండాలి. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అయిపోయి వ వత్తుగా మారి కిందికి దిగుతుంది. అను ఫైల్లో అలాంటి గుర్తు లేదు, అక్కడ పొల్లు ముక్క ఉంటే పొల్లే. కన్వర్టర్ దాన్ని గుర్తుపట్టి నాన్-జాయినర్ చేర్చాలి. చేర్చకపోతే ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూ, ఇన్‌సర్ట్ స్పెషల్ క్యారెక్టర్, అదర్, నాన్-జాయినర్ దారిలో చేత్తో పెట్టుకోవాలి. దీంట్లో ఇంకో మెలిక: ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే వెతికినప్పుడు ఒకటి దొరికితే రెండోది దొరకదు. పుస్తకం మొత్తానికి ఒకే పద్ధతి పాటించాలి.

ఇంగ్లీషు మాటలు, అంకెలు. అను ఫైల్లో ఇంగ్లీషు మాటకీ తెలుగు ముక్కకీ తేడా తెలిపేది ఫాంటు పేరొక్కటే. ఉత్త టెక్స్టుగా కాపీ చేస్తే ఫాంటు పేరు పోతుంది, ఇంగ్లీషు మాట కూడా తెలుగు చెత్తగా మారుతుంది. దీనికి మందు: మార్చే ముందు ఇన్‌డిజైన్‌లో ఫైండ్/చేంజ్ తెరిచి, గ్రెప్ (నమూనాతో వెతికే) ట్యాబులో .+ అని వెతకండి, ఫైండ్ ఫార్మాట్‌లో ఇంగ్లీషు ఫాంటు పేరివ్వండి, చేంజ్ టు దగ్గర @@$0@@ రాయండి. ఇంగ్లీషంతా @@ గుర్తుల మధ్యకి వస్తుంది. ఆ గుర్తుల మధ్యది వదిలి మిగతాది మార్చండి. పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్ ఫైలైతే సీఎస్6 లేదా అంతకుముందు ఇన్‌డిజైన్‌లో తెరవాలి, తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరవవు. సీఎస్6 ఉన్న యంత్రాన్ని పాతదని అమ్మేయకండి.

వర్డ్‌లో పెట్టి అక్కడే దిద్దితే ఇంకో నష్టం. ఆటోకరెక్ట్ కోట్లని వంకర కోట్లుగా, వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా మారుస్తుంది. అవి రెండూ అను ఫాంటులో వేరే ముక్కలు. ఆటోకరెక్ట్ మొత్తం ఆపేశాకే అందులో దిద్దాలి.

మార్చాక యంత్రం చేత చేయించదగ్గ పరీక్షలు రెండున్నాయి: వరుసగా రెండు గుణింతపు గుర్తులు పడిన చోట్లు, ఖాళీ తర్వాత నేరుగా గుణింతం మొదలైన చోట్లు. గ్రెప్‌తో రెండూ నిమిషంలో దొరుకుతాయి. మొదటిదాంట్లో ఐత్వం ఒక్కటే మినహాయింపు, దాన్ని రెండు గుర్తులుగా రాయడం యూనికోడ్‌లో చెల్లుతుంది. ఇంతా చేసినా మనిషి ఒక ప్రూఫు చదవాల్సిందే. ఆ ప్రూఫు డబ్బు డీటీపీ సెంటర్ మీద రుద్దడం న్యాయం కాదు. రాతప్రతి ఎవరిదో, ఖర్చు వారిది.

బ్రాడీపేట:

గుంటూరు నుంచి ఒక సంగతి. పుస్తకాలు ఒకటైతే ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు, ఇంటర్ గైడ్లు ఇంకో లోకం. ఫ్లెక్సీ మీద వంద అక్షరాలు కూడా ఉండవు, రేపు వెతికేవాళ్ళుండరు. కోరల్‌డ్రాలో కంట్రోల్-క్యూ కొట్టి కర్వ్స్ (అక్షరాల్ని ఉత్త గీతలుగా మార్చడం) చేశాక అది అనువైనా యూనికోడ్ అయినా ఒకటే బొమ్మ. పైగా పాత కోరల్ వెర్షన్లలో యూనికోడ్ వత్తులు విడిపోతాయి. వాళ్ళని మారమనడంలో అర్థం లేదు.

గైడ్లకి మాత్రం ఏలూరురోడ్డు గారి మాటే నాది. ఏటా సిలబస్ మారినప్పుడల్లా అదే పాఠాన్ని తిప్పి వాడతారు, ఫోన్ యాప్‌లోకీ అదే పాఠం ఎక్కాలి. గణితం సమీకరణాలు ఎటూ మ్యాథ్‌టైప్‌లోనే ఉంటాయి కాబట్టి వాటికి ఈ గొడవ లేదు.

ఫోటోషాప్‌లో కవర్ చేసేవాళ్ళు, పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్, టైప్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇలస్ట్రేటర్‌లో అయితే షో ఇండిక్ ఆప్షన్స్ టిక్కు పెట్టండి. లోపల యూనికోడ్ కట్టి కవర్ మీద పేరు విరగ్గొట్టిన పుస్తకాలు ఏలూరు రోడ్డు కొట్లలో కనబడుతూనే ఉన్నాయి.

ఫారంలెక్క:

"క" ఎత్తు కొలిచే సంగతి ఒప్పుకుంటున్నాను, అది చేయకుండా పోల్చడం తప్పే. ఫాంట్ల మాట మాత్రం వదలను. నోటో సెరిఫ్ శుభ్రంగా ఉంటుంది కానీ నవల మొత్తం అందులో చదివితే ప్రభుత్వ నోటీసు చదివినట్టుంటుంది. తెలుగు పాఠకుడి కన్ను అను ఫాంట్ల గుండ్రదనానికి అలవాటుపడింది. ఆ రూపాలున్న యూనికోడ్ ఫాంటు నాలుగు బరువుల్లో దొరికే దాకా సాహిత్యం పుస్తకాలకి అను ఫాంటే బాగుంటుంది. ఇంకో మాట, పీడీఎఫ్ ఉంది కదా, రేపు అందులోంచి పాఠం తీసుకోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. వాళ్ళకి ఏం చెప్తారు?

పుటకూర్పు:

పీడీఎఫ్‌ని నమ్ముకోవద్దు. యూనికోడ్ ఫైల్లోంచి తీసిన పీడీఎఫ్‌లో కూడా తెలుగు కాపీ చేస్తే వత్తులు తారుమారుగా వస్తాయి. పీడీఎఫ్‌లో దాచేది అక్షరాల బొమ్మల్ని, వాటి నుంచి వెనక్కి అక్షరాల వరుస పట్టుకోవడం తెలుగుకి సరిగ్గా కుదరదు. అందుకే ప్రచురణకర్త సెంటర్ నుంచి మూడు తీసుకోవాలి: ప్రెస్సు పీడీఎఫ్, ఐడీఎంఎల్ (ఇన్‌డిజైన్ పేజీల ఫైలు), చివరి ప్రూఫు దిద్దాక ఎగుమతి చేసిన ఉత్త టెక్స్టు ఫైలు. ఆ మూడో ఫైలు యూనికోడ్‌లో ఉందో లేదో చూడ్డానికి నోట్‌ప్యాడ్ చాలు. తెలుగు తెలుగుగా కనబడితే సరే.

ఫాంట్ల రుచి గురించి మీరన్నదాంట్లో న్యాయం ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ప్రూఫ్‌చూపు:

పాత కావ్యాలు, నిఘంటువులు తిరిగి అచ్చువేసేవాళ్ళకి ఒక మాట. దంత్యాలైన ౘ, ౙ యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి, నకారపొల్లు 2021లో. గదులు వచ్చినంత మాత్రాన ప్రతి ఫాంటులోనూ ఆ అక్షరాలుండవు, లేనిచోట ఖాళీ డబ్బా పడుతుంది. ఫాంటు ఖాయం చేసే ముందు ఱ, అరసున్న, ౘ, ౙ, నకారపొల్లు, ఒక మూడు హల్లుల సంయుక్తం, అన్నీ ఉన్న అర పేజీ అచ్చు తీసి చూడాలి. తెర మీద కాదు, కాగితం మీద.

ఏలూరురోడ్డు:

బ్రాడీపేట గారి మాటతో ఫ్లెక్సీల్ని పక్కన పెడుతున్నాను. ప్రూఫ్ ఖర్చు ప్రచురణకర్తదే, అదీ ఒప్పుకున్నాను. పాత పుస్తకాల్ని ఇప్పుడే మార్చమనడం లేదు, పునర్ముద్రణ వచ్చినప్పుడు చూసుకోవచ్చు. కొత్త పుస్తకం విషయంలో మాత్రం తగ్గను. రచయిత యూనికోడ్‌లో ఇచ్చినదాన్ని అనులోకి మార్చి, మార్చినందుకు పేజీకింత అని ఆయన దగ్గరే వసూలు చేయడం సరికాదు.

ఫారంలెక్క:

అది వసూలు చేయకూడదన్న మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. యూనికోడ్‌లో వచ్చిన వ్యాస సంపుటాలు, గైడ్లు, అనువాదాలు యూనికోడ్‌లోనే కట్టొచ్చు. 16 పేజీల ఫారం ఒకటి రెండు ఫాంట్లలోనూ కట్టి, ఒకే కాగితం మీద ఆఫ్‌సెట్‌లో అచ్చుతీసి, పక్కపక్కన పెట్టి చదివిస్తే ఫాంటు సంగతి కూడా తేలుతుంది. అప్పటిదాకా ఆ 192 పేజీల నవల మాత్రం అనులోనే ఉంటుంది.