అప్‌డేట్: స్వచ్ఛంద సంస్థలో హెచ్‌ఆర్ ఉద్యోగం, చేరాను

కంపెనీ హెచ్‌ఆర్ వదిలేసి పిల్లలతో, యువతతో పనిచేసే సంస్థలో చేరొచ్చా అని అడిగాను కదా, చేరిపోయాను, ఒంగోల్లోనే. జీతం తగ్గింది. పీఎఫ్ సంగతి కనుక్కోమన్నవాళ్లకి థాంక్స్, 20 మందికి పైనే ఉన్నాం కాబట్టి కడుతున్నారు. ఇక్కడ మనిషిని తీసుకోవడమంటే సర్టిఫికెట్లు చూసి సంతకం పెట్టడం కాదండీ. పోలీస్ వెరిఫికేషన్ వచ్చేదాకా వార్డెన్‌ని పిల్లల గదులవైపు పంపం, 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక వేధింపుల విషయం తెలిస్తే ఫిర్యాదు చేయాల్సిందేనని మొదటి రోజే కూర్చోబెట్టి చెబుతాం.

మొన్న కొండపి వైపు తిరిగే ఫీల్డ్ వర్కర్ ఒకమ్మాయి రాజీనామా కాగితం నాలుగు మడతలు పెట్టి తెచ్చింది, చెమటకి అక్షరాలు అలుక్కుపోయాయి. గంట మాట్లాడితే తెలిసింది, మూడు నెలలుగా బస్సు ఛార్జీలు సొంత డబ్బే పెట్టుకుంటోందట. నాకు చాలా బాధేసింది. ఆ సాయంత్రమే బిల్లులు పాస్ చేయించాను. కాగితం మళ్లీ మడిచి బ్యాగులో పెట్టుకుంది.