అప్‌డేట్: ఎలిజబెత్ కీ కేసు మీదే పేపర్ రాస్తున్నాను

'వర్జీనియా కాలనీలో బానిసత్వం' (అమెరికాలో ఒకప్పటి ఇంగ్లీషు వలస ప్రాంతం) మీద 12 పేజీల పేపర్ రాయొచ్చా అని మూడు వారాల క్రితం అడిగాను కదా. అది పది పుస్తకాలకు సరిపోయే విషయం, ఒక మనిషినో ఒక చట్టాన్నో పట్టుకోమన్నారు. ఆ మాటతో నా టెన్షన్ సగం తగ్గింది, చాలా థ్యాంక్స్.

ఇప్పుడు ప్రశ్న ఒక్కటే. బిడ్డ హోదా, అంటే బానిసా స్వేచ్ఛ ఉన్న మనిషా అన్నది, తల్లిని బట్టే ఉంటుందని 1662లో వర్జీనియా అసెంబ్లీ ఎందుకు చట్టం చేసింది? ఇంగ్లండ్ ఆచారంలో పిల్లలకు తండ్రి హోదా వచ్చేది. ఇంగ్లీషు తండ్రికీ ఆఫ్రికన్ తల్లికీ పుట్టిన ఎలిజబెత్ కీ ఆ ఆధారంతో కోర్టుకెళ్లి 1656లో స్వేచ్ఛ గెలుచుకుంది. తను బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలినని కూడా వాదించింది. 1667లో ఆ దారీ మూసేశారు: బాప్తిస్మం తీసుకున్నా బానిసత్వం పోదని ఇంకో చట్టం. ఈ మూడు తేదీలనూ వరసగా రాసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బానిస స్త్రీకి యజమాని వల్ల పుట్టిన బిడ్డ కూడా అతని ఆస్తే అయ్యేది.

వర్జీనియా గవర్నర్ మీద జరిగిన బేకన్ తిరుగుబాటు (1676) కూడా కలుపుదామనుకున్నాను గానీ వదిలేశాను, అది వేరే కథ. ప్రొఫెసర్ ఒప్పుకున్నారు. శుక్రవారం మొదటి డ్రాఫ్ట్ ఇవ్వాలి.