మాంచెస్టర్‌లో లిమిటెడ్ వినైల్ రికార్డులు ఎలాగ దొరుకుతాయి? కొత్తగా వచ్చాను, కాస్త చెప్పండి

గంట్యాడ (మాంచెస్టర్):
అందరికీ నమస్కారం. మాది విజయనగరం దగ్గర గంట్యాడ, ఉద్యోగం మీద ఈ మధ్యనే వచ్చాను. మన శ్రీకాకుళం విజయనగరం గ్రూపులో ఎవరికైనా వినైల్, అదే పాత గ్రామఫోన్ ప్లేట్ల లాంటి రికార్డుల పిచ్చి ఉందేమో అని అడుగుతున్నాను. ఏప్రిల్‌లో ఒక శనివారం రికార్డ్ స్టోర్ డే అని వస్తుందట కదా, ఆ రోజు చిన్న షాపుల్లో మాత్రమే అమ్మే, కొన్నే తయారుచేసిన లిమిటెడ్ కాపీలు ఉంటాయట. లైనులో ఎప్పుడు నిలబడాలి, ముందే ఫోన్ చేసి పక్కన పెట్టించుకోవచ్చా, మాంచెస్టర్‌లో ఏ షాపుకి వెళ్ళాలి? ఈ మూడూ చెప్తే చాలు. ప్లేయర్ ఇంకా కొనలేదు.

బొబ్బిలి (లండన్):
తమ్ముడూ, పక్కన పెట్టించుకోవడం అన్న మాట మర్చిపో. ఇందులో చేరే ప్రతి షాపూ ముందే రూల్సుకి ఒప్పుకుంటుంది, ఆ రోజు ఎవరికీ రిజర్వ్ చెయ్యకూడదు, ఫోన్ ఆర్డర్ తీసుకోకూడదు, ఒక మనిషికి ఒక టైటిల్ ఒక్కటే కాపీ, ముందొచ్చిన వాడిదే సరుకు. షాపు ఓనరు నీకు సొంత బావమరిది అయినా అంతే. 2007లో అమెరికాలో చిన్న షాపుల వాళ్ళు కూర్చుని అనుకున్నారు, మొదటిది 2008 ఏప్రిల్ 19న జరిగింది, నేను లండన్ వచ్చాక ఒక్క ఏడు కూడా మానలేదు. ఆ రోజు అమ్మే రికార్డుల లిస్టు ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది. అది రాగానే షాపుకెళ్ళి నీకు కావల్సిన టైటిల్స్ చీటీ మీద రాసి ఇవ్వు, దాన్ని బట్టి వాళ్ళు ఎన్ని ఆర్డర్ పెట్టాలో చూసుకుంటారు. ఇచ్చినంత మాత్రాన నీకు దొరికినట్టు కాదు, ఎందుకంటే షాపు పది అడిగితే పది రావు, రెండొచ్చినా రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. లైను మాటకొస్తే పేరున్న షాపుల ముందు రాత్రి నుంచే ఉంటారు, మన దగ్గర బెనిఫిట్ షోకి హాలు ముందు పడుకున్నట్టే. కుర్చీ, ఫ్లాస్కు, రెయిన్ జాకెట్టు తీసుకెళ్ళు, గొడుగు వద్దు, వెనకవాడి కంట్లో పొడుచుకుంటుంది.

రాజాం (లీడ్స్):
అవన్నీ తరవాత. ఇల్లు దొరికిందా? డిపాజిట్ ఎక్కడ కట్టావు? రికార్డులు కొనేవాడు ముందు తెలుసుకోవలసింది అది, ఎవరూ చెప్పరు. నా కథ విను. నేను వచ్చిన కొత్తలో ఇళ్ళు అద్దెకిప్పించే ఒక లెటింగ్ ఏజెన్సీ ద్వారా ఫ్లాటు తీసుకున్నాను, పేరు చెప్పను. హాల్లో రికార్డుల అర పెట్టాను. రికార్డంటే తేలిక అనుకుంటారు గానీ అట్టతో కలిపి ఒక్కోటీ పావుకిలో దాకా తూగుతుంది, రెండొందలు పెడితే యాభై కిలోలు, అది నాలుగు సన్న కాళ్ళ మీద కార్పెట్టు పైన ఉంటే గుంటలు పడవా మరి. ఖాళీ చేసిన రోజు ఏజెన్సీ నుంచి ఒకామె వచ్చి ఫోనుతో ఫోటోలు తీసుకుని నవ్వుతూ థాంక్యూ చెప్పి వెళ్ళిపోయింది, వారం పోయాక మెయిలు, కార్పెట్టు మొత్తం మార్చాలి, గోడకి అర బిగించిన కన్నాలు పూడ్చాలి, పెయింటు వెయ్యాలి, అంచేత డిపాజిట్‌లో పైసా రాదు అని. నేను గోడకి మేకు కూడా కొట్టలేదు! ఆ కన్నాలు నేను రాకముందు నుంచీ ఉన్నవే, టీవీ బిగించినవి. చేరినప్పుడు నేను తీసిన వీడియో పంపాను. సమాధానం లేదు. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి సెలవులో ఉందంటారు, ఇంకోసారి చేస్తే ఆ అమ్మాయి మానేసిందంటారు. అప్పుడు మా ఆఫీసులో ఒక తెల్లాయన అడిగాడు, డిపాజిట్ ఏ స్కీములో ఉంది అని. వెతికితే ఎక్కడా లేదు. ఇక్కడ రూలేటంటే డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లో, ఆ డబ్బుకి భద్రత ఇచ్చే, గవర్నమెంటు ఒప్పుకున్న స్కీముల్లో ఒకదాంట్లో నమోదు చెయ్యాలి, మూడున్నాయి అలాంటివి, ఆ వివరాలు మనకి రాసివ్వాలి. చెయ్యకపోతే కోర్టు డిపాజిట్‌కి ఒక రెట్టు నుంచి మూడు రెట్ల దాకా మనకి ఇప్పించొచ్చు. ఆ మాట ఒక్కటి రాసి మెయిలు కొట్టాను, కేసు వేస్తానని. రెండో రోజుకి మొత్తం డబ్బు వచ్చి పడింది, కార్పెట్టు మాట లేదు, పెయింటు మాట లేదు. అందుకని చెప్తున్నాను, అర కింద చెక్క పలక వెయ్యి, చేరిన రోజే వీడియో తియ్యి.

టెక్కలి (గ్లాస్గో):
రాజాం బావూ, అది ఇంగ్లండ్ రూలు. మా స్కాట్లాండ్‌లో 30 వర్కింగ్ డేస్. అందరికీ ఒకటే అన్నట్టు చెప్పకు.

రాజాం (లీడ్స్):
కుర్రాడు మాంచెస్టర్‌లో ఉన్నాడు, మాంచెస్టర్ ఎప్పుడు స్కాట్లాండ్ అయింది? ఇంకోటి కూడా చెప్తున్నాను, అయిదు వారాల అద్దె కన్నా ఎక్కువ డిపాజిట్ అడగకూడదు, 2019 జూన్ నుంచీ ఉంది ఆ రూలు.

టెక్కలి (గ్లాస్గో):
ఏడాది అద్దె యాభై వేల పౌండ్లో అంతకన్నా ఎక్కువో అయితే ఆరు వారాలు. సరే అంత అద్దె మనలో ఎవడు కడతాడులే. తమ్ముడూ నేను సూటిగా చెప్తాను, ఆ రోజు లైనులో నిలబడకు. ఆ లిస్టు తెరిచి చూడు, చాలా మటుకు పాత ఆల్బమ్‌కే రంగు మార్చి, స్టిక్కరు వేసి, పాతిక ముప్ఫై పౌండ్లు చెప్తారు. అదే ఆల్బమ్ సెకండ్ హ్యాండ్ నల్ల రికార్డు పది పౌండ్లకి పక్క బుట్టలో ఉంటుంది. ఇంకో విషయం ఎవడూ చెప్పడు, ఆ రోజు సరుకు షాపులు వెనక్కి ఇవ్వడానికి మామూలుగా కుదరదు. అమ్ముడుపోనివి వాళ్ళ నెత్తిమీదే. అంచేత జూన్ జూలైలో వెళ్తే అవే రికార్డులు తగ్గించిన రేటు స్టిక్కరుతో కనపడతాయి. అందరూ ఎగబడే అయిదారు టైటిల్స్ దొరకవు, ఒప్పుకుంటాను. మిగతావి బేగి వెళ్ళినవాడికన్నా ఓపిక పట్టినవాడికే చవక.

బొబ్బిలి (లండన్):
ఆ అయిదారే కదయ్యా కావల్సినవి! నువ్వు చెప్పినట్టు జూలై దాకా ఆగితే ఎవరూ కొనని వాటిలోంచి ఏరుకోవాలి. తమ్ముడూ, అక్కడ కూడా ఒక దారుంది, శనివారం మిగిలినవి షాపులు తమ వెబ్‌సైటులో పెడతాయి, ఆదివారం అర్ధరాత్రి తెరుస్తారు, అలారం పెట్టుకో.

నెల్లిమర్ల (మాంచెస్టర్):
అది పాత పద్ధతి గురువుగారూ. ఇప్పుడు ఇక్కడ సోమవారం రాత్రి 8 గంటలకి.

బొబ్బిలి (లండన్):
నేను ఆదివారం రాత్రి కొన్నాను.

నెల్లిమర్ల (మాంచెస్టర్):
ఏ ఏడాది?

విజయనగరం (న్యూజెర్సీ):
అబ్బాయీ, ప్లేయర్ కొనలేదన్నావు, ఎవరూ పట్టించుకోలేదు, నేను చెప్తాను. మా మావయ్యగారి పాత ప్లేయర్ కోట దగ్గర ఇంట్లో అటక మీద ఉండేది. దాన్ని ఇక్కడికి తేవాలని మా ఆయన పట్టు, వద్దంటే వినలేదు. కరెంటు తేడా అని ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొన్నారు. తీరా పెడితే సుశీల గారి పాట చిన్నపిల్ల పాడినట్టు పరుగెడుతోంది. ఎందుకంటే ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60, ఆ కాలం మోటార్లు దాన్ని పట్టే తిరుగుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మారుస్తుంది గానీ దీన్ని మార్చలేదు. నీకు ఆ బాధ లేదు, యూకేలోనూ మన దగ్గరా రెండూ ఒకటే, ప్లగ్గు ఒక్కటే తేడా. ఇంట్లో పాతది ఉంటే నిక్షేపంగా తెచ్చుకో, ముల్లు మాత్రం కొత్తది వేయించు. కొత్తది కొంటే సూట్‌కేసులా మూత ఉండి లోపలే స్పీకర్లుండే చవక రకం వద్దు, వాటిలో చాలా వాటికి ముల్లు మరీ బరువుగా దిగుతుంది. మంచివాటికి మామూలుగా రెండు గ్రాముల దగ్గర్లో ఉంటుంది. ముప్ఫై పౌండ్ల రికార్డు కొని దాని మీద ఆడించకు.

ఇంకోటి, మన ఊరి పిల్లాడివి, ఆ ఇంగ్లీషు బ్యాండ్లే కాకుండా మనవి కూడా వెతుకు. 1919లో పెట్టిన సంగీత కళాశాల మనది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వారు వయొలిన్ చెప్పారు, ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు, సుశీల గారు పుట్టిందే విజయనగరంలో. ఇక్కడ ప్రిన్స్‌టన్‌లో 1980 నుంచీ ఉన్న పెద్ద రికార్డు షాపు ఉంది, నేను వెళ్తే ముందు మన రికార్డులు ఏమైనా వచ్చాయా అనే చూస్తాను.

ఆమదాలవలస (బర్మింగ్‌హామ్):
సాలూరు రాజేశ్వరరావు గారిని వదిలేశారు మేడమ్.

విజయనగరం (న్యూజెర్సీ):
సాలూరు ఇప్పుడు మన్యం జిల్లా కదండీ 🙂

ఆమదాలవలస (బర్మింగ్‌హామ్):
జిల్లా మారింది గానీ ఆయన పుట్టినప్పుడు కాదు కదా!

బొబ్బిలి (లండన్):
సరే అసలు విషయం. తమ్ముడూ కొనేటప్పుడు 180 గ్రాములు అని స్టిక్కరు ఉన్నవే తీసుకో, సౌండు వేరే లెవెల్.

టెక్కలి (గ్లాస్గో):
మళ్ళీ మొదలెట్టాడు. బరువుకీ సౌండుకీ సంబంధం ఏటి? మందంగా ఉంటే వంగడం కాస్త తక్కువ, అంతే. సౌండు మాస్టరింగ్‌లో, అంటే పాటని రికార్డు మీద గీయడానికి సిద్ధం చేసే పనిలో ఉంటుంది, ఎవరు కట్ చేశారు, ఏ టేపు నుంచి, ఏ ప్లాంటులో నొక్కారు. డిజిటల్ ఫైలు తెచ్చి 180 గ్రాముల మీద గీస్తే అది ఖరీదైన సీడీ. పూర్తిగా అనలాగ్, అంటే మధ్యలో డిజిటల్ లేకుండా టేపు నుంచే గీసినవని నమ్మి జనం వందలు పోసి కొన్న ఒక అమెరికా కంపెనీ రికార్డుల్లో డిజిటల్ స్టెప్పు ఉందని 2022లో బైటపడలేదా? అంతవరకూ బంగారు చెవులున్న వాళ్ళెవరికీ తేడా తెలీలేదు.

బొబ్బిలి (లండన్):
అంటే ఇన్నాళ్ళూ నేను చెవిటివాడిననా?

టెక్కలి (గ్లాస్గో):
నేనలా అనలేదు. లేబుల్ చదివి వినకు అంటున్నాను. ఇంకా చెప్పాలంటే మీ రికార్డ్ స్టోర్ డే కోసం పెద్ద కంపెనీలు ప్లాంటుల్ని రీఇష్యూలతో, అదే పాత ఆల్బమ్‌ల కొత్త కాపీలతో నింపేస్తే చిన్న లేబుల్ వాడి కొత్త బ్యాండు రికార్డు నెలల తరబడి ఆగుతుంది. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ కాలిపోయింది, రికార్డు మొదట గీసే లాకర్ డిస్కులు చేసేది అప్పటికి ప్రపంచం మొత్తానికి అదీ, జపాన్‌లో ఇంకోటీ, రెండే. అప్పట్నుంచీ ఎంత ఇబ్బంది పడ్డారో చిన్నవాళ్ళని అడుగు.

బొబ్బిలి (లండన్):
రాగి మీద కట్ చేసే పద్ధతి కూడా ఉంది, లాకర్ లేకపోతే ప్రపంచం ఆగిపోలేదు. ఆ ఒక్క శనివారం గల్లా పెట్టి నిండబట్టే కొన్ని షాపులు ఏడాదంతా తలుపు తీస్తున్నాయి. అది చూడవేం?

గంట్యాడ (మాంచెస్టర్):
అన్నా అందరికీ థాంక్స్. అయితే మాంచెస్టర్‌లో షాపు…?

నెల్లిమర్ల (మాంచెస్టర్):
పాపం గుంటడు అడిగింది ఒకటి, మనం చెప్పింది తొంభై. తమ్ముడూ, నార్తర్న్ క్వార్టర్‌లో ఓల్డ్‌హామ్ స్ట్రీట్‌కి వెళ్ళు. పికడిలీ రికార్డ్స్ అక్కడే, 1978 నుంచీ ఉన్న షాపు, కొత్త రికార్డులకి అదే. అదే వీధిలో వినైల్ ఎక్స్ఛేంజ్, సెకండ్ హ్యాండ్‌కి. రెండూ ఒకే మధ్యాహ్నంలో చూడొచ్చు. లైను పద్ధతి షాపుని బట్టి మారుతుంది, కొన్ని చోట్ల పొద్దున్నే నంబరు చీటీలో రిస్ట్ బ్యాండ్లో ఇస్తారు, కొన్ని చోట్ల ఊరికే నిలబడాలి, కాబట్టి వారం ముందు వెళ్ళి కౌంటర్లో అడుగు, చక్కగా చెప్తారు.

కానీ నా మాట వింటే ఏప్రిల్ కోసం కూర్చోకు. లిమిటెడ్ అన్నవి ఏడాది పొడుగునా వస్తాయి, చిన్న షాపులకి మాత్రమే ఇచ్చే కలర్ ప్రెస్సింగులు (ఒక విడతలో నొక్కిన రంగు రికార్డులు), సంతకం చేసిన కార్డు పెట్టినవి, షాపు సొంత ఎడిషన్లు. కొత్త రికార్డులు మామూలుగా శుక్రవారం రిలీజవుతాయి. వీటికి రికార్డ్ స్టోర్ డే రూలు లేదు, ముందే బుక్ చేసుకోవచ్చు. శనివారం మధ్యాహ్నం షాపు కిటకిటలాడుతుంది, అప్పుడు ఎవడికీ మాట్లాడే తీరిక ఉండదు. మంగళవారమో బుధవారమో ఆఫీసయ్యాక వెళ్ళు, కౌంటర్లో ఉన్నవాళ్ళకి నీకేం ఇష్టమో చెప్పు, వాళ్ళు పెట్టిన పాట బాగుంటే ఇదేంటని అడుగు. నాలుగుసార్లు మొహం చూశాక వాళ్ళే చెప్తారు, పై నెల ఫలానాది వస్తోంది, మాకు తక్కువ వస్తున్నాయి, ఇప్పుడే పేరు రాయించుకో అని. నా దగ్గరున్న మంచివన్నీ అలా వచ్చినవే, రాత్రి లైనులో నిలబడి తెచ్చుకున్నది ఒక్కటీ లేదు.

సెకండ్ హ్యాండ్‌లో గ్రేడు చూసుకో. విజీ అంటే వెరీ గుడ్ అని రాస్తారు గానీ ప్లే చేస్తే చిటపటలు వినిపిస్తాయి, విజీ ప్లస్ అయితే పర్లేదు, దానిపైన నియర్ మింట్, అంటే దాదాపు కొత్తదే. అట్టకి ఒక గ్రేడు, రికార్డుకి ఒక గ్రేడు వేరేగా ఉంటుంది. కొనేముందు లైటు కింద పక్కకి వంచి చూడు, షాపువాడు ఏమీ అనుకోడు. పాట అయిపోయాక లేబుల్ దగ్గర నున్నగా ఉండే జాగాలో గీసిన నంబరుంటుంది, దాన్ని ఫోనులో డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైటులో కొడితే అది ఏ దేశం ప్రెస్సింగో, మొదటిదో పదోదో తెలుస్తుంది, ఇప్పటిదాకా ఎంతకి అమ్ముడయిందో కూడా. రికార్డ్ స్టోర్ డే సాయంత్రానికే అదే టైటిల్ మూడు రెట్లకి అమ్మకానికి పెట్టేవాళ్ళుంటారు. ఆ వారం మాత్రం కొనకు, కొన్ని నెలలు పోనీ, చాలా వాటికి ఆ వేడి తగ్గుతుంది.

విజయనగరం (న్యూజెర్సీ):
ఆ వినైల్ ఎక్స్ఛేంజ్‌లో మనవి ఎప్పుడైనా కనిపించాయా బాబూ?

నెల్లిమర్ల (మాంచెస్టర్):
హిందీవి అప్పుడప్పుడూ కనిపిస్తాయక్కా, తెలుగువి అరుదు. మన జనం ఎక్కువున్న ఊళ్ళలో చారిటీ షాపులు బెటరు, పెద్దవాళ్ళు పోయాక ఇల్లు ఖాళీ చేసినప్పుడు పిల్లలు పెట్టెలకి పెట్టెలు అక్కడ ఇచ్చేస్తారు. అక్కడివాళ్ళకి భాష తెలీదు, అన్నీ కలిపి ఇండియన్ అని రాసి కింద బుట్టలో పడేస్తారు. వంగి వెతకాలి. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా, డమ్‌డమ్ (కలకత్తా దగ్గరది) అని లేబుల్ మీద ఉంటే ఆపి చదవండి.

ఆమదాలవలస (బర్మింగ్‌హామ్):
ఆ బుట్టలు మా వైపు కూడా ఉన్నాయి, నేను చూస్తుంటాను మేడమ్. ఏ సినిమావి కావాలో పేర్లు రాసి పెట్టండి.