ఫోన్ల పాత ఒగ్గుకథ ఫైళ్లు పెడ్తే గరగర వస్తుంది, యూట్యూబ్ల రాదు.. ఏం జెయ్యాలె?

కాజీపేట_క్యాసెట్:
అన్నలూ, మా తాత దాచిన ఒగ్గుకథ క్యాసెట్లు ఉన్నయి, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ, అన్నీ హనుమకొండల ఒక షాపుల ఇచ్చి ఎంపీత్రీ చేయించిన, పెన్‌డ్రైవ్ల ఇచ్చిండు, నేను మెమరీ కార్డుల ఎక్కించుకున్న. ఇగ ఫోన్ల పెడ్తే గరగర, డోలు దెబ్బ పడ్డప్పుడల్లా చెవులు పగిలినట్టు అయితంది, కొన్ని కాడ మధ్యల చిక్ చిక్ మని కోసినట్టు కూడ వస్తుంది. యూట్యూబ్ల మాత్రం మంచిగనే ఉంది. రిపేర్ షాపాయన స్పీకర్ మార్చాలె అంటుండు, పైసలు పెట్టాల్నా వద్దా?

పరకాల_పోరడు:
ఈక్వలైజర్ల బాస్ బూస్ట్, డాల్బీ అసొంటివి ఆన్ ఉంటే ముందు బంద్ చెయ్ బ్రో. బ్యాటరీ సేవర్ కూడ తీసి చూడు, కొన్ని ఫోన్లల్ల దానితోటి పాట ఆగి ఆగి వస్తది. చార్జింగ్ పెట్టి ఇయర్‌ఫోన్ల వింటున్నవా? చార్జర్ మంచిది కాకపోతే అప్పుడు కూడ గుర్ మంటది.

పాత_టేపురికార్డర్:
స్పీకర్ మార్చకు తమ్మీ. యూట్యూబ్ పాట కూడ అదే స్పీకర్ల నుంచే వస్తుంది కదా, అది మంచిగుంటే స్పీకర్‌ని ఎందుకు అనాలె. గరగర వచ్చిన కాడ టైం చూస్కో, అనుకో 3:12 కాడ వచ్చింది, మళ్ల వెనక్కి జరిపి పెట్టు. మళ్ల 3:12 కాడనే వస్తే అది ఫైల్లనే ఉంది, ఒకసారి వచ్చి ఒకసారి రాకుంటే ఫోన్, యాప్, బ్లూటూత్ల ఏదో ఒకటి. గదే ఫైల్ పెన్‌డ్రైవ్ల నుంచి ల్యాప్‌టాప్ల కూడ వినాలె, కార్డుల ఉన్నది కాదు, ఎందుకంటే కాపీ చేసేటప్పుడే ఖరాబ్ అయి ఉండొచ్చు.

కాజీపేట_క్యాసెట్:
చూసిన అన్నా. డోలు కాడ గరగర పెన్‌డ్రైవ్ల కూడ అదే టైంకి వస్తుంది. చిక్ చిక్ మాత్రం కార్డుల ఉన్నదాంట్లనే, పెన్‌డ్రైవ్ల లేదు. బాస్ బూస్ట్ తీసినా ఫరక్ లేదు.

పాత_టేపురికార్డర్:
అంటే నీకు రెండు బాధలు కలిసి ఉన్నయ్. చిక్ చిక్ కార్డుది. సంతల తక్కువకు దొరికే కార్డులు కొన్ని 128 జీబీ అని చూపిస్తయి గని లోపల 8 జీబీ కూడ ఉండదు, అది దాటినంక ఎక్కించినయన్నీ చెడిపోతయి. విండోస్ల హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, కార్డు ఖాళీ చేసి పెట్టు, అసలు సైజు ఎంతో బయటపడ్తది.

డోలుది వేరే. క్యాసెట్ ఎక్కించేటప్పుడు సౌండ్ ఎక్కువ పెట్టిండ్రు. టేపురికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తెచ్చి ల్యాప్‌టాప్ మైక్‌ల పెడ్తరు చానామంది, మైక్ రంధ్రం చిన్న సిగ్నల్ కోసం చేసింది, డోలు దెబ్బ అట్ల పడంగనే సౌండ్ పైభాగాన్ని కోసేస్తది, దీన్నే క్లిప్పింగ్ అంటరు. ఆడాసిటీ అని సౌండ్ ఎడిట్ చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అండ్ల ఫైల్ తెరిచి వ్యూ మెనూల షో క్లిప్పింగ్ నొక్కు, కోసుకపోయిన కాడ ఎర్ర గీతలు కనబడ్తయి. ఒకసారి కోసుకపోయింది ఏ యాప్ పెట్టినా మొత్తం తిరిగిరాదు, సరిచేసే పద్ధతి ఒకటుంది, డీక్లిప్ అంటరు, గని డోలుకు అంత మంచిగ రాదు.

క్యాసెట్లు ఇంకా ఉన్నయా? ఉంటే మళ్ల ఎక్కించు. లైన్ ఇన్ (టేపురికార్డర్ అసొంటి పెద్ద సిగ్నల్ కోసం చేసిన రంధ్రం) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలె, డోలు బాగ మోగే కాడ మీటర్ మైనస్ 6 డీబీ దాటకుండ పెట్టుకొని ముందు వేవ్ (సౌండ్ కుదించని) ఫైల్‌గ రికార్డ్ చెయ్, ఎంపీత్రీ తర్వాత.

పరకాల_పోరడు:
అన్నా అయితే షాపోళ్లనే ఫ్రీగ మళ్ల చేయమని అడగొచ్చు కదా 😄

పాత_టేపురికార్డర్:
అడగొచ్చు, గని అదే మైక్ రంధ్రంల పెడ్తే మళ్ల అదే వస్తది. లైన్ ఇన్ ఉందా అని ముందే అడుగు.

కాజీపేట_క్యాసెట్:
క్యాసెట్లు ఉన్నయన్నా, రెండు మూడింటికి లోపల టేప్ మీద తెల్లగ బూజు ఉంది. అవి కూడ పెట్టొచ్చా?

పాత_టేపురికార్డర్:
వద్దు, పెట్టకు. బూజు టేపురికార్డర్ల టేప్ చదివే హెడ్‌కి అంటుకుంటది, దాంతోటి మంచి క్యాసెట్లు కూడ ఖరాబ్ అయితయి. మంచియి ముందు ఎక్కించు, నడుమ నడుమ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తోటి తుడువు. బూజువి పక్కకు పెట్టు, ఫోటో పెడ్తే చూసి చెప్త.