రొమ్ము బ్లాకు మధ్యలో గుంట, అదే రన్‌లో బయాప్సీలకు అడ్డగీతలు: తప్పు మైక్రోటోమ్‌దా, ప్రాసెసర్‌దా?

మైనపుదిమ్మ అడిగారు:

మాది పాథాలజీ ల్యాబ్. టిష్యూలోని నీరు తీసి మైనం (వ్యాక్స్) ఎక్కించే ప్రాసెసర్‌కు రాత్రిపూట ఒకే ఒక్క రన్. 70 శాతం ఆల్కహాలు ఒక గంట, 90 శాతం ఒక గంట, ఆ తర్వాత అబ్సల్యూట్ (నీరు లేని ఆల్కహాలు) మూడు మార్లు, జైలీన్ (ఆల్కహాలును తీసి వ్యాక్స్‌కు దారిచ్చే ద్రవం) మూడు మార్లు, వ్యాక్స్ మూడు మార్లు, ఒక్కోటి గంట చొప్పున. మాస్టెక్టమీ (రొమ్ము తొలగింపు) ముక్కలు, ఎండోస్కోపీ బయాప్సీలు అన్నీ అందులోనే వెళ్తాయి.

కొవ్వు ఎక్కువున్న రొమ్ము బ్లాకుల్లో (టిష్యూ ఉన్న మైనపు దిమ్మలు) అంచు చక్కగా తెగుతుంది, మధ్య తెగదు. రిబ్బన్ (వరసగా అతుక్కుని వచ్చే పలుచటి సెక్షన్లు) వాటర్ బాత్ మీద వేయగానే మధ్యలోని టిష్యూ నాలుగు వైపులా చెదిరిపోయి కన్నం మిగులుతుంది. బయాప్సీలది ఇంకో గోల. పెళుసుగా ఉంటున్నాయి, స్లైడ్ మీద సన్నటి అడ్డగీతలు వరసగా పడుతున్నాయి.

మైక్రోటోమ్ (సెక్షన్లు కోసే యంత్రం) బ్లేడ్ కొత్తది. కోణం మార్చి చూశాం, ఐసు మీద ఎక్కువసేపు ఉంచి చూశాం, సెక్షన్ మందం 4 మైక్రాన్ల దగ్గర 5 పెట్టి చూశాం. సర్వీసు ఇంజినీరును పిలిచే ముందు ఇంకేం చూడాలో చెప్పండి.

నీలికేంద్రకం:

ఇంజినీరును ఇప్పుడే పిలవకండి. మైక్రోటోమ్ చెడితే ఒకే బ్లాకులో అంచు తెగి మధ్య తెగకపోవడం జరగదు. మీ రెండు సమస్యలకూ మూలం ఒకటే: ఆ ఒక్క షెడ్యూలు కొవ్వు ముక్కకు చాలడం లేదు, బయాప్సీకి ఎక్కువైపోతోంది. దీనికి మైక్రోటోమ్ దగ్గర మందు లేదు.

ముందు బ్లాకునే చదవండి. ట్రిమ్ చేసిన (పై మైనం చెక్కేసిన) ముఖాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. మధ్యలో టిష్యూ వ్యాక్స్ మట్టం కన్నా కిందికి దిగి తడిగా మెరుస్తోందా? గోటితో మెల్లగా నొక్కితే సొట్ట పడుతోందా? మెత్తగా ఉండి జైలీన్ వాసన వస్తే వ్యాక్స్ లోపలికి పోలేదు. తెల్లగా, మసగ్గా, పిండిలా ఉంటే నీరే పోలేదు. రెంటికీ చికిత్స వేరు కాబట్టి ఈ తేడా ముఖ్యం.

తర్వాత క్యాసెట్ (ముక్కను పెట్టే చిల్లుల డబ్బీ) తెరిచి ఎంబెడింగ్ (ముక్కను మైనంలో పోసి దిమ్మ చేయడం) చేసేటప్పుడు టిష్యూ పైభాగం చూడండి. క్యాసెట్ మూత చిల్లుల గుర్తులు ముక్క మీద గళ్లు గళ్లుగా అచ్చు పడి ఉంటే, ఆ ముక్కను గ్రాసింగ్ (అవయవాన్ని ముక్కలుగా కోసే దశ) దగ్గరే లావుగా కోశారన్నమాట. క్యాసెట్ లోపలి లోతు సుమారు 5 మిల్లీమీటర్లు. అందులో 5 మిల్లీమీటర్ల ముక్క ఇరికిస్తే మూతకూ అడుగుకూ అతుక్కుని ద్రవం చుట్టూ తిరగడానికి సందు ఉండదు. కొవ్వు టిష్యూకు 3 మిల్లీమీటర్లు దాటకూడదు, పొడవు వెడల్పుల్లో కూడా క్యాసెట్ గోడల దగ్గర కాస్త ఖాళీ వదలాలి. పచ్చి కొవ్వు కత్తి కింద జారిపోతుంది కాబట్టి 3 మిల్లీమీటర్లు కోయడం కష్టమే. రొమ్మును ముందు 5 నుంచి 10 మిల్లీమీటర్ల పలకలుగా చీల్చి, మధ్యమధ్య గాజుగుడ్డో బ్లాటింగ్ కాగితమో పెట్టి ఫార్మలిన్‌లో వదిలితే మర్నాటికి గట్టిపడి సన్నగా తెగుతుంది.

ఫార్మలిన్ చొచ్చుకుపోయే లోతు కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అంటే రెట్టింపు లోతుకు నాలుగింతల సమయం. పైగా లోపలికి చేరడం ఒకటి, అక్కడ ప్రోటీన్లను బంధించడం (ఫిక్సేషన్) ఇంకొకటి. రెండోది చాలా నిదానం. సగం ఫిక్స్ అయిన ముక్కను ప్రాసెసర్‌లో పెడితే మధ్య భాగాన్ని ఆల్కహాలు ఫిక్స్ చేస్తుంది. స్లైడ్‌లో చుట్టూ కేంద్రకాలు ఒకలా, మధ్యలో కుంచించుకుని మరోలా కనిపిస్తే అదే కారణం. ఇమ్యునో రంగులోనూ (యాంటీబాడీలతో ప్రోటీన్లను గుర్తించే పరీక్ష) ఆ వలయం తెలుస్తుంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ రిసెప్టర్లు, హర్-2 ప్రోటీన్ పరీక్షలు చేయాల్సిన రొమ్ము ముక్కలకు ఆస్కో, క్యాప్ (అమెరికా క్యాన్సర్ వైద్యుల, పాథాలజిస్టుల సంఘాలు) మార్గదర్శకాలు 6 నుంచి 72 గంటల ఫిక్సేషన్ చెబుతున్నాయి (హర్-2కు 2007లో గరిష్ఠం 48 గంటలే, 2013లో 72 చేశారు). శస్త్రచికిత్స అయిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అవయవాన్ని చీల్చకుండా డబ్బాలో వేసి ఊరుకుంటే ఆ గంటలు కాగితం మీద లెక్కే, మధ్య భాగానికి అందవు.

చివరిఆల్కహాలు:

గ్రాసింగ్ సంగతి పైన చెప్పేశారు. నేను ప్రాసెసర్‌లోని ద్రవాల సీసాల గురించి చెబుతాను, ఎందుకంటే షెడ్యూలు మార్చినా సీసాలు పాడైతే ఫలితం ఉండదు.

కొవ్వు బాగా కరిగేది అబ్సల్యూట్‌లోనూ జైలీన్‌లోనూ. 70 శాతంలో ఎంతసేపు ఉంచినా కొవ్వు కదలదు. పెంచాల్సింది అబ్సల్యూట్ స్టేషన్లనే (ఒక్కో సీసాలో ఉంచే దశ): ఒక్కోటి గంటన్నర నుంచి రెండు గంటలు, జైలీన్ కూడా గంటన్నర, వాక్యూమ్, కలియబెట్టడం ఆన్‌లో ఉంచి. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, మీ యంత్రం మీద కొన్ని అనవసరమైన కొవ్వు ముక్కలతో పరీక్షించాకే రోగుల టిష్యూకు వాడండి. 70 శాతాన్ని మాత్రం ఎత్తేయకండి. బఫర్ ఫార్మలిన్ నుంచి నేరుగా గాఢ ఆల్కహాలులోకి వెళ్తే ఫాస్ఫేట్ లవణాలు అవక్షేపమై టిష్యూలోనూ గొట్టాల్లోనూ దిగుతాయి.

చివరి అబ్సల్యూట్‌లో నీరు చేరిందో లేదో తెలియాలంటే పరీక్షనాళికలోకి 5 మిల్లీలీటర్లు తీసి చిటికెడు అనార్ద్ర కాపర్ సల్ఫేట్ వేయండి. తెల్లగా ఉంటే మంచిదే, నీలం తిరిగితే ఆ సీసా చివరి స్థానంలో ఉండకూడదు. ఆ పొడిని ప్రాసెసర్ సీసాలో మాత్రం వేయొద్దు, వాల్వుల్లోకి పోతుంది. జైలీన్ పాలలా మారితే ఇక పరీక్ష కూడా అక్కర్లేదు, నీరు అక్కడిదాకా వచ్చేసినట్టే. సీసాలు మార్చేటప్పుడు మొదటి అబ్సల్యూట్ పారబోసి, రెండోదాన్ని మొదటి స్థానానికి, మూడోదాన్ని రెండో స్థానానికి జరిపి, కొత్తది ఎప్పుడూ చివర పెట్టాలి. మూడూ పాతబడ్డాక ఒకేసారి మార్చే అలవాటు చాలాచోట్ల ఉంది. మార్చేముందు రోజు రన్‌లోని బ్లాకులే ఎక్కువ ఏడిపిస్తాయి.

మైనపుదిమ్మ:

మూత గుర్తులు ఉన్నాయండి, అది కూడా గుంట పడిన బ్లాకుల్లోనే. ఇప్పటికే పాడైన బ్లాకులను ఏం చేయాలి? బయాప్సీల గీతలకు ఏదైనా దారి ఉందా?

రిబ్బన్:

పాడైన బ్లాకు సంగతి ముందు. డబ్బాలో తడి టిష్యూ మిగిలి ఉంటే దాంట్లోంచి కొత్త ముక్క తీసి, 3 మిల్లీమీటర్లకు కోసి పెట్టించండి. రీప్రాసెసింగ్ కన్నా అదే మేలు. మిగల్లేదంటే బ్లాకు కరిగించి వ్యాక్స్ తుడవండి. జైలీన్ వాసన మాత్రమే ఉంటే తాజా వ్యాక్స్‌లో వాక్యూమ్ కింద రెండు గంటలు చాలు. మధ్యలో తెల్లగా ఉన్నదైతే వెనక్కి నడిపించాలి: వ్యాక్స్ పూర్తిగా పోయేదాకా రెండు మార్లు జైలీన్, తర్వాత రెండు మూడు మార్లు అబ్సల్యూట్, మళ్లీ కొత్త జైలీన్, కొత్త వ్యాక్స్. అసలు ఫిక్సే కాలేదనుకుంటే 70 శాతం మీదుగా ఫార్మలిన్ దాకా వెళ్లి రావాలి. ముక్క లావుగా ఉంటే కరిగించినప్పుడే బ్లేడుతో సన్నగా చేయండి, లేకపోతే అదే గుంట మళ్లీ వస్తుంది. రీప్రాసెస్ చేసినట్టు రికార్డులో రాయండి, ఇమ్యునో చూసే పాథాలజిస్టుకు అది తెలియాలి.

బయాప్సీ అడ్డగీతల దగ్గర ఒక చిన్న పరీక్ష. గీతలు బ్లేడు అంచుకు సమాంతరంగా ఉంటే కంపనం: బ్లాకు బిగింపు, బ్లేడు బిగింపు వదులు, చక్రం వేగంగా తిప్పడం, లేదా టిష్యూ అతిగా ఎండటం. గీత కోత దిశలో నిలువుగా ఉంటే బ్లేడును పక్కకు జరిపి మరో సెక్షన్ తీయండి. గీత చోటు మారితే బ్లేడుకు నొక్కు పడింది. అక్కడే ఉంటే టిష్యూలోనే కాల్షియం లేదా సర్జరీ క్లిప్ ఉంది. క్లిప్ కనిపిస్తే కోయడం ఆపి, కరిగించి తీసేయండి. మీవి అన్ని బయాప్సీల్లోనూ వస్తున్నాయి, కొవ్వు బ్లాకు అంచులు మాత్రం బాగా తెగుతున్నాయి. కాబట్టి బిగింపు కాదు, ఎండిపోవడమే.

ఎండిన బయాప్సీకి తాత్కాలిక ఉపాయం: టిష్యూ ముఖం బయటపడేదాకా ట్రిమ్ చేసి, కరుగుతున్న ఐసు మీద ముఖం ఆనించి ఒకటి రెండు నిమిషాలు. ట్రిమ్ చేయకుండా ఎంతసేపు ఉంచినా నీరు వ్యాక్స్‌ను దాటదు. మీరు ఐసు మీద ఎక్కువసేపు పెట్టినా తేడా రాకపోవడానికి అది కారణం కావచ్చు. మరీ ఎక్కువ నానితే టిష్యూ ఉబ్బి మట్టం పైకి లేస్తుంది, మొదటి రెండు మూడు సెక్షన్లు లావుగా వస్తాయి. ట్రిమ్మింగ్ కూడా మెల్లగా. 30 మైక్రాన్లతో బరబరా లాగితే పెళుసు టిష్యూలోంచి రేణువులు ఊడి, పురుగు తిన్నట్టు చిన్న కన్నాలు పడతాయి. చివర 4 మైక్రాన్లతో పది పన్నెండు సెక్షన్లు వదిలేశాకే రిబ్బన్ పట్టండి. బయాప్సీలో అంత టిష్యూ లేదంటే మొదటి నుంచే 10 మైక్రాన్లు దాటొద్దు.

శాశ్వతంగా అయితే బయాప్సీలకు వేరే రన్ పెట్టాలి. ఒక్కో స్టేషన్ పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, మొత్తం మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ప్రాసెసర్ ఒకటే కాబట్టి పొద్దున్న పెద్దవి దిగాక బయాప్సీలు ఎక్కించొచ్చు.

నీలికేంద్రకం:

ఒకటి కలుపుతాను. గుంట పడుతోందని వ్యాక్స్ వేడి పెంచే ఆలోచన ఎవరికైనా వస్తుంది. పెంచకండి. కరిగే ఉష్ణోగ్రత కన్నా రెండు మూడు డిగ్రీలు పైన ఉంటే సరిపోతుంది. 65 దాటిస్తే కొవ్వు బ్లాకు మధ్య భాగం బాగుపడదు, దాని అంచు కూడా మీ బయాప్సీల్లా పెళుసెక్కుతుంది.