‘ఎలా ఉంది’ అని అడిగినవాళ్లకి నిజం చెప్పడం తప్పా?

పాతలెన్స్
సూటిగా అడుగుతున్నాను, సూటిగానే చెప్పండి. పోయిన వారం ఈ ఫోటో ఫోరమ్‌లో కొత్తగా చేరిన ఒకావిడ ఫోటో పెట్టి "నా మొదటి పోర్ట్రెయిట్, ఎలా ఉందో చెప్పండి" అన్నారు. కిటికీ పక్కన కుర్చీలో ఒక ముసలాయన, పేపర్ ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. వెలుతురు బాగుంది. మిగతాది బాగాలేదు. ఫోకస్ కంటి మీద కాకుండా చెవి మీద పడింది. కిటికీ చట్రం రెండు డిగ్రీలు కుడికి ఒరిగింది. ఎడమ అంచున ఎవరిదో సగం చెయ్యి ఫ్రేమ్‌లోకి దూరింది. 85 మిల్లీమీటర్ల లెన్స్‌కి షట్టర్ 1/30 పెట్టడంతో, అంటే సెకనులో ముప్పయ్యో వంతు సేపు తెరిచి ఉంచడంతో, పేపర్ పట్టుకున్న వేళ్లు మసకబారాయి. ఇవన్నీ ఓపిగ్గా, ఒక్క కటువు మాట లేకుండా రాశాను. నలభై నిమిషాలు పట్టింది. పొద్దున చూస్తే ఫోటో లేదు, టాపిక్ లేదు, దాంతోపాటు నేను రాసిందీ లేదు. "సూపర్", "అదిరింది" అన్నవాళ్లకి మాత్రం అప్పటికే థాంక్స్ చెప్పేశారు. పొగడ్తలే కావాలంటే ‘పొగడండి’ అనే అడగొచ్చు కదా?

కిట్‌లెన్స్‌కుర్రాడు
అన్నా, నీ కామెంట్ నేను చదివా. అది రివ్యూ కాదు, పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్.

స్టాప్‌డౌన్
85కి 1/30 అంటే మసక రాక ఏం వస్తుంది? లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లో షట్టర్ కనీసం అన్నో వంతు ఉండాలి, అంటే దాదాపు 1/100. క్రాప్ సెన్సర్ అయితే, అంటే కెమెరాలో సెన్సర్ చిన్నదైతే, ఒకటిన్నరతో గుణించుకోవాలి, 1/125 అనుకోండి. కొత్తవాళ్లకి మొదటి రోజే చెప్పాల్సిన ముక్క.

నీలిగది
పాతలెన్స్ గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. కానీ మొదటి ఫోటో పెట్టినవాళ్లు ‘ఎలా ఉంది’ అని అడిగేది, నేను ఈ దారిలో ఇంకో అడుగు వెయ్యొచ్చా అని. మీరు దానికి జవాబు చెప్పకుండా కిటికీ ఎన్ని డిగ్రీలు ఒరిగిందో కొలిచారు. ఎనిమిదేళ్ల కిందట నేను వేరే చోట నా మొదటి ఫోటోలు మూడు పెట్టాను. ఒకాయన ఒకే లైన్ రాశాడు, "కెమెరా అమ్మేసి ఫోన్ వాడుకోండి" అని. కెమెరా బ్యాగ్‌లో పెట్టి బీరువాలో పడేశాను. రెండేళ్ల తర్వాత తీస్తే లెన్స్ లోపలి అద్దం మీద ఫంగస్, సన్నగా సాలెగూడులాగా. ఆ లెన్స్ ఇప్పటికీ ఉంది నా దగ్గర, ఎండకి ఎదురుగా తీస్తే ఫోటో అంతా తెల్లగా పొగ కమ్మినట్టు వస్తుంది. ఒక్క లైన్ ఖరీదు అది.

పాతలెన్స్
ఆ ఒక్క లైన్ రాసింది నేను కాదు. ఎవరో ఎక్కడో మిమ్మల్ని అవమానిస్తే ఆ లెక్క నా దగ్గర ఎందుకు తేలుస్తున్నారు? నేను రాసింది పదకొండు లైన్లు, అందులో వెలుతురు బాగుందని కూడా ఉంది. మొదటి లైన్‌లోనే.

స్టాప్‌డౌన్
లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే 1/30 చాలు అనేవాళ్లు వస్తారు, ముందే చెప్తున్నా. అది మన చేతి వణుకుని ఆపుతుంది. ఎదుటి మనిషి వేళ్లు కదిలితే ఆపలేదు.

మసకచంద్రం
ఒక పాత కథ గుర్తొచ్చింది, తెలిసినవాళ్లు క్షమించాలి. 2006లో, ఫోటోలు పెట్టుకునే ఫ్లికర్ సైట్‌లో, నచ్చని ఫోటోలని ఓట్లేసి బయటికి పంపే గ్రూప్ ఒకటి ఉండేది. అందులో ఒకతను, ఎవరిదో చెప్పకుండా, పేరుమోసిన ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెస్సాఁ 1932లో ఫ్రాన్స్‌లోని ఇయేర్‌లో తీసిన ఫోటో పెట్టాడు. పైనుంచి చుట్టుకుంటూ దిగే మెట్లు, కింద వీధిలో సర్రున పోతున్న సైకిల్. సైకిల్ మసగ్గా ఉంది, షార్ప్‌గా లేదు అని జనం వంకలు పెట్టి, ఓట్లేసి తీసిపారేశారు. ఫోటో చరిత్ర పుస్తకాల్లో ఉండే ఫోటో అది. కాబట్టి వేళ్లు మసకబారాయని చెప్పేముందు ఓసారి ఆలోచించండి మాస్టారూ.

పాతలెన్స్
ఈ కథ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను, పదో పోస్ట్ దాకా కూడా ఆగలేదు. మంచి ఫోటో మసగ్గా ఉండొచ్చు నిజమే, అలాగని మసగ్గా ఉన్న ప్రతిదీ మంచి ఫోటో అయిపోతుందా? ఆ ఫోటోలో మెట్లు నిశ్చలంగా ఉన్నాయి కాబట్టి సైకిల్ పరుగు తెలుస్తోంది. ఇక్కడ చెవి ఒక్కటే షార్ప్‌గా ఉంది. చెవి గురించి ఏం చెప్పదలచుకున్నారావిడ?

కిట్‌లెన్స్‌కుర్రాడు
😂😂 చెవి

నీలిగది
నవ్వండి. ఇలా నవ్వుతారనే ఆవిడ డిలీట్ చేసి ఉంటారు. పాతలెన్స్ గారూ, ఆ పదకొండు లైన్లలో మూడో వంతు సూత్రం (ఫ్రేమ్‌ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనది ఆ గీతల మీద పెట్టాలనేది) పాటించలేదని కూడా రాశారు, నాకు గుర్తుంది. ఆ సూత్రాన్ని 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఆయన పల్లె దృశ్యాల బొమ్మల గురించి రాస్తూ చెప్పాడు. అప్పటికి ఫోటో అనేదే పుట్టలేదు. మీరు దాన్ని శిలాశాసనంలాగా చెప్తారు.

పాతలెన్స్
పాతది కాబట్టి తప్పయిపోదు. వెలుతురు అంతకంటే పాతది.

స్టాప్‌డౌన్
అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆవిడ ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి కెమెరా సున్నితత్వం, ఎంత పెట్టారు? 400 అనుకుంటే, 1600 చేస్తే అదే వెలుతురులో 1/125 వచ్చేసేది. కాస్త నాయిస్ వస్తుంది, ఫోటోలో ఇసక చల్లినట్టు, వస్తే రానివ్వండి. నాయిస్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన వేళ్లని మాత్రం ఎవరూ సరిచెయ్యలేరు.

నీలిగది
అసలు సంగతి నేను చెప్పనా? మీరు ఇక్కడ రోజుకి మూడు కామెంట్లు రాస్తారు. చివరిసారి మీ ఫోటో పెట్టింది నాలుగేళ్ల కిందట, వెళ్లి చూసొచ్చాను. ఒడ్డున కూర్చుని ఈదేవాళ్లకి చేతులెలా ఆడించాలో చెప్పడం సులువు.

పాతలెన్స్
నాలుగేళ్ల కిందట పెట్టినప్పుడు ఎంతమంది కామెంట్ రాశారో కూడా చూసే ఉంటారు కదా? సున్నా. ఆరు ఫోటోలు పెట్టాను, ఒక్కరూ ‘బాగాలేదు’ అని కూడా అనలేదు. బాగాలేదంటే దిద్దుకుంటాను, మాట్లాడకపోతే ఏం దిద్దుకోను? అందుకే ఎవరు ఫోటో పెట్టినా కూర్చుని రాస్తాను. రాసిందాన్ని తుడిచేసి పోతే కడుపు మండదా? ఫోటో ఆవిడదే. కానీ ఆ నలభై నిమిషాలు నావి.

మోడరేటర్
వ్యక్తిగత విషయాలు వద్దు. ఇద్దరికీ చెప్తున్నాను.

కిటికీపిట్ట
ఆ ఫోటో నాది. నేను ఎక్కడికీ వెళ్లలేదు, రోజూ చదువుతూనే ఉన్నాను. పాతలెన్స్ గారి నలభై నిమిషాలు పోలేదు, ఆయన రాసిందంతా స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. చెవి గురించి రాసింది కరెక్టే, నవ్వొచ్చింది కూడా. టాపిక్ తీసేసింది అందుకు కాదు.

ఆయన ఇక్కడ చెప్పని సంగతి ఒకటుంది. ఆ కామెంట్ రాసిన కాసేపటికి నా ఫోటోని డౌన్‌లోడ్ చేసి, కిటికీని నిలువుగా సరిచేసి, ఎడమ పక్క కోసేసి, బ్లాక్ అండ్ వైట్ చేసి, నా టాపిక్‌లోనే కింద పెట్టారు. "ఇలా ఉండాలి" అని రాశారు. నా ఫోటోకి ఆరు లైకులు, దానికి నలభై ఒకటి. "హమ్మయ్య, ఇప్పుడు ఫోటోలా ఉంది" అన్నారొకరు.

ఆ ఎడమ అంచున ఉన్న చెయ్యి మా అమ్మమ్మది. చేతిలో కళ్లజోడు ఉంది. మా తాతయ్య కళ్లజోడు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి పేపర్‌ని ముక్కుకి ఆనించుకుంటాడు, ఆవిడ వెతికి తెచ్చి ఏమీ అనకుండా చెయ్యి చాస్తుంది, ఆయన తలెత్తకుండానే అందుకుంటాడు. నేను తీసింది అది. పేపర్ చదవడం కాదు. నలభై ఒక్కమందికి నచ్చిన ఫోటోలో అది లేదు.

కిట్‌లెన్స్‌కుర్రాడు
అన్నా, ఇది మొదటి పోస్ట్‌లో చెప్పలేదేంటి?

మసకచంద్రం
చెవి గొడవలో అందరం బుర్రలు పగలగొట్టుకుంటున్నాం, అసలు కథ ఇదా!

పాతలెన్స్
దాచలేదు. అది చెప్పాల్సినంత విషయం అనుకోలేదు. నేను నేర్చుకున్నది అలాగే. ప్రింట్ తీసుకెళ్తే పెద్దవాళ్లు ‘ఎల్’ ఆకారంలో కోసిన రెండు అట్టముక్కలు దాని మీద పెట్టి, అటూ ఇటూ జరిపి, ‘ఇదిగో, ఇక్కడిదాకా కోసెయ్’ అని చూపించేవారు. ఎవరూ నా అనుమతి అడగలేదు, నేనూ ఏడవలేదు. పది లైన్లు చెప్పలేనిది ఒక్క ఎడిట్ చెప్తుంది. పైన కార్తియే బ్రెస్సాఁని తెచ్చారు కదా, క్రాప్ అంటే గిట్టని ఆయన కూడా పారిస్‌లో సాఁ లజార్ స్టేషన్ వెనక, నీళ్ల మీద నుంచి దూకుతున్న మనిషి ఫోటోని క్రాప్ చేశాడు. కంచె సందులోంచి తీశాడు, అడ్డొచ్చిన చెక్కని కోసేశాడు. అదీ 1932లోనే.

నీలిగది
ఆయన కోసుకున్నది ఆయన ఫోటోని. అట్టముక్కలు తీసేస్తే మీ ప్రింట్ మళ్లీ మీకు మొత్తంగా కనపడేది, దాని పక్కన ఇంకొకరి పేరుతో ఇంకో ప్రింట్ గోడకెక్కి లైకులు తెచ్చుకోలేదు. పైగా అక్కడ మీరూ ఆ పెద్దాయనా ఇద్దరే ఉండేవారు. ఇక్కడ జనం చూస్తున్నారు.

మీ పదకొండు లైన్ల గురించి నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఆవిడకి వాటితో ఇబ్బంది లేదట, నేనే నా ఫంగస్ లెన్స్ తెచ్చి ఇక్కడ పెట్టాను. ఎడిట్ విషయంలో మాత్రం తగ్గను. చెయ్యి ఎవరిదని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

స్టాప్‌డౌన్
కిటికీపిట్ట గారూ, ఫోకస్ ఎందుకు తప్పిందో చెప్తాను. మీటరున్నర దూరం నుంచి 85తో, లెన్స్ ద్వారం బాగా తెరిచి ఎఫ్/1.8 పెడితే, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మీద షార్ప్‌గా వచ్చే మందం మూడు సెంటీమీటర్ల చుట్టుపక్కలే. మనిషి పక్కకి తిరిగి కూర్చుంటే కంటికీ చెవికీ మధ్య అంతకంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి ఒకటి షార్ప్‌గా ఉంటే రెండోది ఉండదు. కెమెరా తనకి దగ్గరగా ఉన్న చెవిని పట్టుకుంది. ఫోకస్ పాయింట్ ఒక్కటే ఎంచుకుని మీరే కంటి మీద పెట్టండి. ద్వారం తగ్గించి ఎఫ్/4కి వెళ్తే మందం రెట్టింపు దాటుతుంది, బదులు ఐఎస్‌ఓ ఐదు రెట్లు పెంచాలి. మరి ఆ చెయ్యి కూడా షార్ప్‌గా కావాలంటే ఎఫ్/4 కూడా చాలకపోవచ్చు.

కిటికీపిట్ట
థాంక్స్ అండీ. ఆటోలో వదిలేశాను, అదే చెవిని ఎంచుకుంది. చెయ్యి మరీ షార్ప్‌గా అక్కర్లేదు, చెయ్యి అని తెలిస్తే చాలు.

పాతలెన్స్
ఆ ఎడిట్ నా కంప్యూటర్‌లో ఉండేది, తీసేశాను. అడగకుండా పెట్టి ఉండకూడదు, సరే. కానీ ఒకటి చెప్పనివ్వండి. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియలేదు అంటే తప్పంతా నాది కాదు. మణికట్టు దగ్గర తెగిపోయింది, కళ్లజోడు చెక్క కుర్చీ రంగులో కలిసిపోయింది. నలభై ఒక్కమందిలో ఒక్కరైనా ‘చెయ్యి ఏది’ అని అడిగారా? ఎవరికీ కనపడలేదు. మోచెయ్యి దాకా ఉంటే నేను కోసేవాణ్ణి కాదు. ఒక్క అడుగు వెనక్కి వేసి తీసుండాల్సింది.

కిటికీపిట్ట
వెనక గోడ ఉందండీ.

స్టాప్‌డౌన్
అయితే 50 లెన్స్ పెట్టండి, ఇంకా ఎక్కువ మేర పడుతుంది. షట్టర్ మాత్రం 1/125.